నాన్నగారి పాత దస్తావేజులు ఫోన్‌తో స్కాన్ చేస్తే సరిపోతుందా?

ప్రశ్న (కోనసీమ, ప్రస్తుతం పుణే)

అందరికీ నమస్కారం. పండక్కి ఊరెళ్లి నాన్నగారి ట్రంకుపెట్టె తీశాం. పొలం దస్తావేజులు, శిస్తు రసీదులు, పట్టాదారు పాస్ పుస్తకం, మా పదో తరగతి సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. 1962 నాటి క్రయ దస్తావేజు మడతల దగ్గర ఇవాళో రేపో చిరిగేలా ఉంది. పెట్టె అడుగున చెదలు కనిపించేసరికి అమ్మకి ఒకటే టెన్షన్, అన్నిటికీ లామినేషన్ చేయించేద్దాం అంటోంది. డాలస్‌లో ఉన్న తమ్ముడేమో స్కాన్ చేసి పంపక్కా అంటున్నాడు. నా దగ్గర ఫోన్, పాత లాప్‌టాప్ ఉన్నాయి. స్కానర్ కొనాలా? తెలుగు కాగితాల్లో పేరు కొడితే దొరికేలా చేయొచ్చా?

జవాబు (భీమవరం)

అమ్మా, దస్తావేజు లేఖరి దగ్గర చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఆ అనుభవంతో చెబుతున్నాను. ముందు లామినేషన్ ఆపించండి. వేడికి ఆ ప్లాస్టిక్ కాగితానికి అంటుకుపోతుంది, తర్వాత తీద్దామన్నా రాదు. చిరుగులకి సెల్లోటేప్ కూడా వద్దు. కొన్నేళ్లకి జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాల మీద మరక కడుతుంది.

స్కానర్ అక్కర్లేదు. స్టాంపు కాగితం ఏ4 కంటే పొడుగు. ఇళ్లల్లో వాడే చిన్న స్కానర్ మీద పెడితే కింది వరుసలు, సంతకాలు బయటే ఉండిపోతాయి. ఫోన్‌కి ఆ ఇబ్బంది లేదు.

నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. కాగితం వెనకవైపు వదిలిపెట్టకండి. అసలు రాత ముందువైపే ఉంది కదా అని చాలామంది అటే తీసి ఊరుకుంటారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముద్రలు, వేలిముద్రలు, 1వ పుస్తకం, ఫలానా వాల్యూమ్, ఫలానా పేజీల్లో ఫలానా నంబరుగా రిజిస్టరు చేయడమైనది అన్న మాట సాధారణంగా వెనకే ఉంటాయి. రేపు ఒరిజినల్‌కి ఏమైనా అయినా ఆ నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు చేతిలో ఉంటే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అవి లేకపోతే పేర్లు పట్టుకుని ఇండెక్సులు వెతికించుకోవాలి, అది పెద్ద పని. అందుకే ఫైలు పేరులోనే సంవత్సరం, దస్తావేజు నంబరు రాసుకోండి.

పగటిపూట వరండాలో, ఎండ నేరుగా పడని చోట తీయండి. ఫ్లాష్ వద్దు. పల్చటి కాగితం కింద నల్ల చార్ట్ పేపర్ పరిస్తే వెనకవైపు సిరా ముందుకి అంతగా కనపడదు. మడతలు బలవంతంగా సాగదీయకుండా, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు ఉంచండి. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు. ఇంకో సంగతి. స్కాన్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెడితే అక్షరాలు నల్లగా, చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ, లేత ఊదారంగు ముద్ర, పాత వేలిముద్ర మాయమైపోతాయి. కలర్‌లోనే ఉంచండి.

జవాబు (హైదరాబాద్)

పైన పెద్దాయన చెప్పినదానికి కొంచెం కంప్యూటర్ సంగతి కలుపుతాను. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ ఉంది, ఐఫోన్‌లో నోట్స్ యాప్ చాలు. ఒక దస్తావేజు పేజీలన్నీ, ముందూ వెనకా, వరసగా ఒకే పీడీఎఫ్‌గా చేయండి.

వెతకడానికి నాప్స్2 అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ పీడీఎఫ్‌లు అందులోకి తెచ్చి, ఓసీఆర్‌కి (అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే పనికి) తెలుగు భాష ఎంచుకుంటే పదాలు వెతకగలిగే పీడీఎఫ్ ఇస్తుంది. మీ లాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది కాబట్టి కాగితాలు ఎక్కడికీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. అచ్చు కాగితాలకే సుమా. 1962 నాటిది అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు రాతలో ఉంటే ఏ ఓసీఆర్ మీదా ఆశ పెట్టుకోకండి. చదవగలిగే పెద్దవాళ్లు ఉంటే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు చదివించి టైప్ చేసుకుని అదే ఫోల్డర్‌లో పెట్టండి.

పెట్టెలో ఆసుపత్రి బిల్లులు, ఏటీఎం స్లిప్పుల్లాంటి నున్నటి థర్మల్ కాగితాలు ఉంటే వాటిని ముందు స్కాన్ చేసేయండి. వాటి మీద అచ్చు దానంతటదే వెలిసిపోతుంది.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్సండీ. ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను. మీరన్నట్టే నంబరు, రౌండు ముద్ర ఉన్నాయి, ముద్రలో సగం మడతలోకి పోయింది. రాత గొలుసుకట్టే. మా పెదనాన్నగారు చదవగలరు, ఆయన్ని కూర్చోబెడతాను. ఇవన్నీ డిజిలాకర్‌లో పెడితే ఒరిజినల్‌తో సమానమేనా?

జవాబు (విజయవాడ)

కాదండీ. సంబంధిత శాఖ లేదా బోర్డు నేరుగా డిజిలాకర్‌లో జారీ చేసినవాటికే ఒరిజినల్‌తో సమానమైన గుర్తింపు ఉంది. మనం స్కాన్ చేసి ఎక్కించినవి మన దగ్గర కాపీ ఉన్నట్టు మాత్రమే. పదో తరగతి మెమో బోర్డు తరఫున దొరుకుతుందేమో అందులో వెతకండి. బ్యాంకు లోనుకి వెళ్తే దస్తావేజు ఒరిజినలే అడుగుతారు కాబట్టి ఆ కాగితాల్ని చెదలున్న పెట్టెలో మాత్రం తిరిగి పెట్టకండి. స్కాన్లు లాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, తమ్ముడి దగ్గర ఒకటి ఉంచండి. వాట్సాప్‌లో ఫొటోలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, పీడీఎఫ్‌ని డాక్యుమెంట్‌గా పంపండి.