పదేళ్లు దాటిన పిల్లల బ్యాంకు ఖాతా: సంతకం వాళ్లదా, మనదా?

ఏడో తరగతి అమ్మ
మా పాపకు పన్నెండేళ్లు. పండక్కీ పుట్టినరోజుకీ తాతయ్యలు, మేనమామలు చేతిలో పెట్టిన డబ్బంతా ఇన్నాళ్లూ నా బీరువాలోనే దాస్తూ వచ్చాను. అది 18,000 రూపాయలైంది. బ్యాంకులో వేద్దామనేసరికి ఇంట్లో రెండు మాటలయ్యాయి. "గార్డియన్‌గా నేను సంతకం పెడతాను, పద్దెనిమిది నిండాక దానికే అప్పజెబుదాం" అంటారు మా ఆయన. పాప సంతకంతోనే నడవాలని నా పట్టుదల. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 21న ఇచ్చిన సర్క్యులర్ చదివాను. పదేళ్లకు తక్కువ కాని పిల్లలు కోరుకుంటే సేవింగ్స్ ఖాతా, టర్మ్ (ఫిక్స్‌డ్) డిపాజిట్ సొంతంగా తెరిచి నడుపుకోవచ్చట. ఎంత మొత్తం దాకా, ఏ షరతుల మీద అన్నది బ్యాంకులు నిర్ణయించుకుంటాయి. వీలుంది కదా అని ఇచ్చేయడమేనా, ఆగాలా? మీ ఇళ్లలో ఏం చేశారో, ఎందుకలా చేశారో చెప్పండి.

లెక్క పక్కా
ఆగండి అనే చెబుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. మైనరు రాసిచ్చిన తనఖా చెల్లదని 1903లోనే అప్పటి పై కోర్టు ప్రివీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చేసింది. చట్టం పద్దెనిమిదేళ్ల దాకా ఆగమంటుంటే, పన్నెండేళ్ల పిల్ల చేతికి పాస్‌బుక్ ఇచ్చి మనం సాధించేదేమిటి? దానికంటే పాప పేరు మీద సుకన్య సమృద్ధి తెరవండి. డబ్బు కదలకుండా ఉంటుంది, చదువుకో పెళ్లికో అక్కరకొస్తుంది.

కౌంటర్ వెనక నుంచి
నేను బ్యాంకు ఉద్యోగిని. లెక్క పక్కా గారూ, సుకన్య ఖాతా పదేళ్లు నిండకముందే తెరవాలి. వాళ్ల పాపకు ఆ వయసు దాటిపోయింది.

ఇక చట్టం సంగతి. మైనరును అప్పుల పాలు కాకుండా కాపాడటం కోసం పుట్టిన నిబంధన అది. పిల్లల ఖాతాలో అప్పన్నదే ఉండదు. అదే సర్క్యులర్‌లో ఇంకో మాట ఉంది: మైనరు ఖాతా సొంతంగా నడిపినా గార్డియన్ నడిపినా ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వకూడదు, ఎప్పుడూ నిల్వ ఉండాల్సిందే. ఉన్న డబ్బు తీసుకోవడం తప్ప లేని డబ్బు వాడే దారి లేదు. పైగా ఇది నిన్న మొన్న వచ్చిన వెసులుబాటు కూడా కాదు. పదేళ్లు దాటిన పిల్లలు సేవింగ్స్ ఖాతా తామే నడుపుకోవచ్చని 2014 మేలోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. 2025లో పాత ఉత్తర్వులన్నీ ఒకచోట చేర్చి, జులై 1లోగా మీ విధానాలు సరిచేసుకోండని బ్యాంకులకు గడువు పెట్టింది. ఏటీఎం కార్డు, ఇంటర్నెట్ బ్యాంకింగ్, చెక్కుబుక్ ఇవ్వాలా వద్దా అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. ఉదాహరణకు స్టేట్ బ్యాంకులో 'పెహలా కదమ్' ఏ వయసు పిల్లలకైనా గార్డియన్‌తో కలిపి తెరిచేది. 'పెహలీ ఉడాన్' మాత్రం పదేళ్లు దాటి, ఒకే తీరుగా సంతకం చేయగలిగిన పిల్లలకు.

ఆ చివరి షరతును తేలిగ్గా తీసుకోకండి. మా కౌంటర్ దగ్గర అసలు చిక్కు అక్కడే. ఫారం నింపిన రోజు పిల్ల గుండ్రంగా, బళ్లో రాసినట్టు పేరంతా రాస్తుంది. మూడు నెలల తర్వాత విత్‌డ్రాయల్ ఫారం తెచ్చేసరికి ఇంటిపేరు పొడక్షరం అయిపోతుంది, చివరి అక్షరం కింద గీత వచ్చి చేరుతుంది. స్క్రీన్ మీద నమూనా సంతకం పక్కన పెట్టి చూస్తే పొంతన ఉండదు. నేను వెనక్కి పంపితే పిల్ల ముఖం చిన్నబోతుంది. ఖాతా తెరిచే ముందు ఓ పాత నోటుపుస్తకంలో వారం రోజులు సంతకం సాధన చేయించండి. తేలిగ్గా వచ్చేదే పెట్టించండి, నాన్న సంతకాన్ని అనుకరించనివ్వకండి.

హాస్టల్ వార్డెన్
ఇంటర్ పిల్లల మధ్య ఉంటాను కాబట్టి వేరే భయం చెబుతాను. పిల్లలు ఖర్చు పెట్టేస్తారన్నది చిన్న బెంగ. ఖాతానే అద్దెకిచ్చేస్తారన్నది పెద్ద బెంగ. "నీ ఏటీఎం కార్డు, పాస్‌బుక్ పది రోజులు ఇవ్వు, ఐదు వేలిస్తాం" అని ఎవడో పరిచయస్తుడు అడుగుతాడు. ఎక్కడో ఎవరినో ముంచిన సైబర్ నేరగాళ్ల సొమ్ము ఆ ఖాతాలో పడి, అంతే వేగంగా బయటికి పోతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే. సరదాగా బూట్లు కొనుక్కుందామనుకున్న కుర్రాడు స్టేషన్ మెట్లెక్కాలి. సొంత ఖాతా ఇస్తే ఈ మాట కూడా చెప్పి ఇవ్వండి: తెలియని డబ్బు ఒక్క రూపాయి వచ్చి పడినా తిప్పి పంపే పని తనది కాదు, వెంటనే ఇంట్లో చెప్పాలి, బ్యాంకుకు తెలియజేయాలి. మోసం జరిగిందని తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

లెక్క పక్కా
చూశారా, నేను చెప్పిందీ ఇదే. ఆగితే పోయేదేముంది?

ఏడో తరగతి అమ్మ
వార్డెన్ గారు చెప్పింది పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల సంగతి కదండీ. పద్దెనిమిది దాకా ఖాతా ముఖమే చూడని పిల్లవాడు, ఊరు మారి హాస్టల్‌లో చేరిన మొదటి నెలలోనే కార్డు చేతికందితే ఇంకా తొందరగా మోసపోడా? పన్నెండేళ్లప్పుడైతే పిల్ల నా పక్కనే ఉంటుంది, నేను చెప్పే మాట వింటుంది.

పెన్నా ఒడ్డు
నా చిన్నప్పుడు స్కాలర్‌షిప్ డబ్బు నా పేరున, మా నాన్న గార్డియన్‌గా ఉన్న ఖాతాలో పడేది. కరువొచ్చిన ఏడాది బోరు వేయించడానికి అదంతా తీశారు. కుటుంబం కోసమే తీశారు, నాకు కోపం లేదు. కానీ నాకు ఒక్క మాట చెప్పలేదు. ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు పాస్‌బుక్ తెరిస్తే నాలుగు వందల చిల్లర. ఆరేళ్లు 'నా డబ్బు' అనుకున్నది ఎప్పుడో అయిపోయింది. గార్డియన్ చేతిలో ఉంటే భద్రం అనే వాళ్లంతా ఈ వైపు కూడా చూడాలి. పిల్ల సంతకం ఉంటే తండ్రి కనీసం అడగాల్సి వస్తుంది. ఆ అడగడం కోసమైనా పిల్లకే ఇవ్వమంటాను.

అమ్మా నేనే నాన్నా నేనే
గార్డియన్ అనగానే తండ్రే అనుకుంటున్నారు చాలామంది. మా బాబుకు ఎనిమిదేళ్లు, సొంతంగా నడిపే వయసు కాదు. ఒక బ్రాంచిలో "నాన్నగారి సంతకం కావాలమ్మా" అని రెండుసార్లు తిప్పి పంపారు. తల్లి గార్డియన్‌గా ఖాతా తెరవచ్చని రిజర్వు బ్యాంకు 1976లోనే చెప్పింది, 2025 సర్క్యులర్‌లోనూ ఆ మాట ఉంది. సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తీర్పిచ్చిన సందర్భం కూడా ఇలాంటిదే. కొడుకు పేరున రిలీఫ్ బాండ్లనే పొదుపు పత్రాలకు తల్లి సంతకంతో దరఖాస్తు చేస్తే రిజర్వు బ్యాంకే ఒప్పుకోలేదు. తండ్రి బతికున్నా సరే, పిల్లల బాగోగులు ఆయన చూడని పరిస్థితిలో తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని కోర్టు చెప్పింది. సర్క్యులర్ ప్రింటు తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాక మా పని అయింది. ఒంటరి తల్లులెవరైనా ఉంటే వెనక్కి తగ్గకండి.

లెక్క పక్కా
పెన్నా ఒడ్డు గారి మాట నన్ను ఆలోచింపజేసింది. అయినా నా ఆందోళన పెద్ద మొత్తాల గురించి. పన్ను తగ్గుతుందని పిల్లల పేరున లక్షలు వేసేవాళ్లు ఉన్నారు. ఆ వడ్డీ తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్ల ఆదాయంలోనే కలుస్తుంది. పిల్ల తన శ్రమతోనో ప్రతిభతోనో సంపాదించినదైతే వేరు. కాబట్టి పెద్ద డబ్బు డిపాజిట్‌గా గార్డియన్ చేతిలో ఉంచి, చిల్లర ఖర్చులకు యూపీఐ సర్కిల్ ఇస్తే సరిపోదా? మన ఖాతా నుంచే పిల్ల చెల్లిస్తుంది. ప్రతిసారీ మన అనుమతి తీసుకునేలా పెట్టుకోవచ్చు.

కౌంటర్ వెనక నుంచి
సరిపోదండీ. సర్కిల్‌లో కరిగేది మీ డబ్బు. తన నిల్వ తగ్గుతుంటే చూసి చెయ్యి వెనక్కి తీసుకోవడం పిల్ల నేర్చుకోవాలంటే, ఆ డబ్బు తనదై ఉండాలి.

ఇంకొకటి, ఖాతా ఎవరి పేరున ఉన్నా ఓటీపీ ఏ ఫోనుకు వస్తుందన్నది ముఖ్యం. పద్దెనిమిది నిండనివాళ్లకు సిమ్ ఇవ్వరు కాబట్టి అమ్మ నంబరో నాన్న నంబరో ఇస్తారు. పిల్ల ఎంత తీసినా మెసేజ్ మీకే వస్తుంది. అంటే సంతకం పిల్లది, కావలి మీది. ఆ మెసేజ్ రాగానే పిల్లను నిలదీస్తే మాత్రం సొంత ఖాతా ఇచ్చి ప్రయోజనం లేదు.

పద్దెనిమిదో పుట్టినరోజు సంగతి కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ రోజు దాటాక కొత్త నమూనా సంతకం, ఖాతాను ఇకపై ఎలా నడపాలన్న కొత్త సూచనలు ఇవ్వాలి. గార్డియన్ నడిపిన ఖాతా అయితే నిల్వ ఎంతో ఖాతాదారు ధ్రువీకరించాలి. ఇది మర్చిపోయి, కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజున లావాదేవీలు ఆగాయని పరుగెత్తుకొచ్చేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

హాస్టల్ వార్డెన్
ఓటీపీ నంబరు అమ్మానాన్నలదే ఉంటుందంటే నా భయం సగం తగ్గింది. ఇంటర్‌లో చేరి పిల్లలు సొంత ఫోను పట్టాక కూడా ఆ నంబరు మార్చకండి.

ఏడో తరగతి అమ్మ
అందరికీ నమస్కారాలు. మీ మాటలన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. 13,000 ఆయన గార్డియన్‌గా ఫిక్స్‌డ్ డిపాజిట్, 5,000 పాప సంతకంతో సేవింగ్స్ ఖాతా. కార్డు ఇప్పుడే వద్దని ఆయన గట్టిగా అన్నారు, నేను సరేనన్నాను. డిపాజిట్ రసీదు పాప చూసేలా ఉండాలని నేనన్నాను, ఆయన సరేనన్నారు. గార్డియన్ సంతకం అవసరమే లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది, ఆ వాదన ఇంట్లో ఇంకా తెగలేదు. పాప సంతకం సాధన చేస్తోంది, కుదరగానే బ్రాంచికి వెళ్తాం. కౌంటర్ వెనక నుంచి గారూ, పాప ఆధార్ ఐదేళ్లప్పుడు అప్‌డేట్ చేయించిందే. దాంతోనే వెళ్లవచ్చా, ముందు వేలిముద్రలు మళ్లీ ఇప్పించాలా?