డబ్బా యాంటెన్నా వర్క్‌షాప్: ఇంతకుముందు చేయించినవాళ్లు చెప్పండి

సోల్డర్_పొగ:
కొత్తవాళ్లకి రెండు రోజుల ట్రైనింగ్ పెడుతున్నాం. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి యాంటెన్నా వాళ్ల చేతులతోనే చేయించాలి. ఖాళీ టిన్ డబ్బాతో మొదలుపెట్టాలా, రాగి తీగని రెండు చతురస్రాలుగా వంచి చేసే బైక్వాడ్ యాంటెన్నా చేయించాలా?

రాగితీగ:
డబ్బాతోనే. అయితే డబ్బాలు మీరు ఏరిపెట్టకండి, చేతికి స్కేల్ ఇచ్చి వాళ్లనే కొలుచుకోనివ్వండి. అసలు పాఠమంతా అక్కడే ఉంది. లోపలి వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే తరంగం డబ్బాలో ముందుకు సాగదు. 92 దాటితే మనకి అక్కర్లేని ఇంకో రకం తరంగం కూడా లోపల మొదలవుతుంది. పిన్ను, అంటే కనెక్టర్‌కి అతికించి డబ్బా లోపలికి నిలిపే చిన్న తీగ ముక్క, ఎక్కడ పెట్టాలో తేల్చేది కూడా వ్యాసమే. 83 మి.మీ. డబ్బాకి మూసిన అడుగు నుంచి దాదాపు 62 మి.మీ. దూరంలో రంధ్రం పడాలి, 90 మి.మీ. డబ్బాకి 51 దగ్గరే. వ్యాసం 7 మి.మీ. మారితే రంధ్రం సెంటీమీటరు పైనే జరుగుతోంది! పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి వేర్వేరు డబ్బాలు ఇవ్వండి, ఒకరి కొలత ఇంకొకరికి ఎందుకు పనికిరాదో వాళ్లకే అర్థమవుతుంది. పిన్ను పొడవు మాత్రం అందరికీ ఒకటే, 31 మి.మీ.

మల్టీమీటర్:
డబ్బా లోపల సన్నగా లక్క లాంటి పూత ఉంటుంది. కనెక్టర్ నట్టు కూర్చునే చోట దాన్ని గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేయించండి. లేకపోతే ఎర్త్ సరిగా అందదు. అల్యూమినియం డబ్బాలు వద్దు, మామూలు సోల్డర్ పట్టదు.
బైక్వాడ్ గురించి ఒక హెచ్చరిక. డబ్బాలో పిన్నుకీ కనెక్టర్ బాడీకీ మధ్య మల్టీమీటర్ బీప్ కొట్టకూడదు, కొడితే రెండూ కలిసిపోయినట్టు. బైక్వాడ్‌లో కొడుతుంది. తీగ చుట్టు తిరిగి మళ్లీ బాడీకే వస్తుంది కాబట్టి అది సహజం. ముందే చెప్పకపోతే షార్ట్ అయిందని టెన్షన్ పడి, మంచి టాంకాన్ని ఊడదీసి పాడుచేస్తారు.

దూరపు_లింక్:
కేబుల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ ఫ్రీక్వెన్సీలో ఆర్‌జీ-58 రకం కేబుల్ మీటరుకి దాదాపు 1 డెసిబెల్ తినేస్తుంది. మూడు డెసిబెల్స్ తగ్గితే పవర్ సగమైనట్టే, అంటే మూడు మీటర్లు వేస్తే సగం పవర్ దారిలోనే పోయినట్టు. అంత కష్టపడి చేసిన యాంటెన్నాకి అలాంటి కేబుల్ తగిలిస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వీలైనంత పొట్టి ముక్క వాడండి, లేదా రేడియోనే యాంటెన్నా వెనక బిగించండి. గెయిన్ (యాంటెన్నా సిగ్నల్‌ని ఒకవైపు కేంద్రీకరించే మేర) పెరిగిన కొద్దీ రౌటర్ పవర్ తగ్గించి, మీ దేశంలో అనుమతించిన పరిమితిలో ఉంచడం కూడా నేర్పండి.

సోల్డర్_పొగ:
చాలా ఉపయోగపడింది, థాంక్స్ అండీ. మరి బాగా పనిచేస్తోందో లేదో చూపించడం ఎలా? యాంటెన్నాని కొలిచే అనలైజర్ పరికరం లేదు.

రాగితీగ:
లాప్‌టాప్‌లో సిగ్నల్ అంకె చాలు. అవతలి రౌటర్ కదపకుండా, ఇవతల ఒకే చోట స్టాండ్‌కి బిగించి చూడండి. చేత్తో పట్టుకుంటే అంకె నిలవదు. ఆ అంకె డెసిబెల్ లెక్కలో ఉంటుంది కాబట్టి, మైనస్ 72 ఉన్నది మైనస్ 62కి వస్తే సిగ్నల్ పవర్ పది రెట్లు పెరిగినట్టు. తర్వాత డబ్బాని గురి తప్పకుండా ఉన్నచోటే పావు చుట్టు తిప్పించండి. నిలువుగా ఉన్న పిన్ను అడ్డం అవుతుంది, అంకె బాగా పడిపోతుంది. పోలరైజేషన్ (తరంగం నిలువుగా ఊగుతోందా, అడ్డంగానా అన్నది) మీద గంట లెక్చర్ ఇచ్చే బదులు ఇది చేయించండి. ఆరుబయట అయితే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, గదిలో గోడల నుంచి వచ్చే ప్రతిఫలనాలు దాన్ని కొంత కప్పేస్తాయి.