డిక్కీల సబ్‌వూఫర్ ఎటు దిక్కు పెట్టాలె? బయట దంచుతుంది, లోపల దెబ్బ లేదు

ఉప్పల్ డప్పు:

అన్నలకు నమస్తే. నాది 2019 డిజైర్. రెండు నెలల కింద 12 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ మోగించే స్పీకర్), గాలి పోనీకె నోరున్న పోర్టెడ్ బాక్సు, దాన్ని నడిపే మోనో ఆంప్ పెట్టించిన. బాక్సును వెనక సీటు కాడికి జరిపి, కోన్, అంటే స్పీకర్ ముందలి గిన్నె, సీటు దిక్కు చూసేటట్టు బిగించిన్రు. సీటుకు, కోన్‌కు నడుమ బెత్తెడు సందు ఉంటది.

నా బాధ ఏందంటే, డిక్కీ తెరిచి నిలబడితే ఛాతి మీద గుద్దినట్టు వస్తది. డిక్కీ మూసి డ్రైవర్ సీట్ల కూసుంటే అదే పాట పలచగ అయిపోతది. అడుగున గుయ్యిమని సాగేది వినబడ్తది గని, డప్పు మీద కట్టె పడ్డప్పుడు వచ్చే ఆ దెబ్బ మాత్రం మాయం. చిన్నప్పటి సంది బోనాలకు, పీర్ల పండుగకు డప్పుల ముందల నడిచినోన్ని. ఆ దెబ్బ ఎట్ల ఉంటదో నా కాళ్లకు ఎరుక. అది లేకుంటే నాకు పాట విన్నట్టే ఉండది.

మల్ల షాపుకు పోతే, ఆంప్ సరిపోతలేదు, పెద్దది వేద్దాం, ఇంకో 18 వేలు అయితయన్నరు. నాకు నమ్మబుద్ధి అయితలేదు. బయట అంత సప్పుడు చేసే ఆంప్ లోపలికి వచ్చేసరికి ఎట్ల చిన్నగయితది? వెనక సీటు మడతపడదు. పై స్వరాలను తగ్గించే లో పాస్ 80 హెర్ట్జ్ (సెకనుకు 80 ఊపులు) కాడ ఉంది, బేస్ బూస్ట్ సున్న. నెలకు రెండుసార్లు అమ్మను తీస్కొని జనగామ పోతం, ఆ సామాను కూడ డిక్కీలనే పట్టాలె. పైసలు పెట్టకముందు చేసి చూసేది ఏమన్న ఉంటే చెప్పున్రి.

మలక్‌పేట్ సౌండ్:

ముందు ఆంప్ మీద ఫేజ్ స్విచ్ (కోన్ తోసేది, లాగేది తలకిందులు చేసేది) 0 నుంచి 180కి మార్చి చూడు భయ్యా. రూపాయి ఖర్చు లేదు. నా వెర్నాలో దానితోనే చాలా తేడా వచ్చింది.

చెక్కపెట్టె:

తమ్ముడూ, ఆంప్ జోలికి పోకు. పెట్టె ఎటు చూస్తోందన్నదే నీ సమస్య. పదకొండేళ్లు రాణీగంజ్‌లో కార్లకు బాక్సులు కోసి బిగించాను. ఇప్పుడు వేరే ఉద్యోగం, అయినా ఆదివారం వస్తే తెలిసినవాళ్ల బండ్లు మా ఇంటి ముందుకి వస్తూనే ఉంటాయి. సెడాన్ తెచ్చినవాళ్లలో చాలామంది నువ్వు రాసిన మాటే చెప్పేవాళ్లు: బయట బాగుంది, లోపల లేదు.

కోన్ నుంచి వచ్చిన శబ్దంలో కొంత సీటు వెనక చట్రం సందుల్లోంచి, పార్సిల్ ట్రే (వెనక అద్దం కింది అర) కిందనుంచి నేరుగా లోపలికి వస్తుంది. మిగతాది పెట్టె చుట్టూ తిరిగి డిక్కీలోకి పోయి, నంబర్ ప్లేటు వైపు రేకుకి తగిలి వెనక్కి వస్తుంది. అటు ఓ మీటరు, ఇటు ఓ మీటరు అనుకో. అంటే రెండోది 2 మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చింది. శబ్దం వేగం సెకనుకి దాదాపు 345 మీటర్లు కాబట్టి 86 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 4 మీటర్లు. అందులో సరిగ్గా సగం ఆలస్యం! ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది, రెండూ కలిసి చప్పబడతాయి. నీ డప్పు దెబ్బ చచ్చేది అక్కడే. లో పాస్ 80లో పెట్టినా అది గోడలా ఆపదు, మెల్లగా తగ్గిస్తుంది. కాబట్టి 86 కూడా సబ్ మోగించే స్వరమే.

30, 40 హెర్ట్జ్ అలలైతే ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర మీటర్ల పొడుగుంటాయి. 2 మీటర్ల ఆలస్యం వాటిని చెరపలేదు. పైగా కారు లోపల మూడు మీటర్లు కూడా ఉండదు గనక, అంత కింది స్వరాలకి క్యాబినే బలం తెచ్చిపెడుతుంది. అందుకే గుయ్యిమనేది నిలిచింది, దెబ్బ పోయింది.

ఇప్పుడు చేయాల్సింది. పెట్టెను డిక్కీ చివరికి లాగి, కోన్‌నీ పోర్టునీ టెయిల్ ల్యాంపుల వైపు తిప్పు. రేకుకీ కోన్‌కీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు వదులు. పోర్టు నోటి ముందు కనీసం దాని వెడల్పంత ఖాళీ ఉండాలి, లేదంటే బుస్సుమంటుంది. రానూపోనూ దారి 40 సెంటీమీటర్లకి తగ్గితే, చెరిగేది 430 హెర్ట్జ్ పైమాటే. నీ సబ్ అంత పైకి రానే రాదు.

చెవిని నమ్మి తేల్చకు. ఫోన్‌లో 40, 60, 80 హెర్ట్జ్ టోన్లు పెట్టుకో, ఇంకో ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్. అద్దాలు ఎక్కించి, ఏసీ ఆపి, వాల్యూమ్ కదపకుండా, ఫోన్‌ని డ్రైవర్ తల దగ్గర ఒకేచోట పట్టుకుని రాసుకో. యాప్ చూపే అంకె తప్పైనా తేడా నిజమే చెబుతుంది. మలక్‌పేట్ సోదరుడు చెప్పిన ఫేజ్ స్విచ్ మంచి సలహానే, కాకపోతే అది చివర చేయాలి. చోటు మారితే దాని జవాబూ మారిపోతుంది. 80 టోన్ మోగుతుండగా ఏ వైపు అంకె పెరిగితే అది ఉంచెయ్.

సైనిక్‌పురి సిటీ:

ఆంప్ ఎక్కడ బిగించారు? బాక్సు వెనక చెక్కకే అయితే, తిప్పాక దాని రెక్కలు సీటుకి ఆనుకోకుండా చూసుకోండి. గాలి ఆడకపోతే మే ఎండల్లో వేడెక్కి ఆగిపోతుంది. నాది పోయిన వేసవిలో ప్రతి మధ్యాహ్నం అలాగే ఆగేది. నాలుగు వేళ్ల సందు ఇచ్చాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

ఉప్పల్ డప్పు:

చెక్కపెట్టె అన్నా, ఇయ్యాల పొద్దుగాల ఆరింటికి ఘట్‌కేసర్ దాటినంక ఖాళీ జాగల ఆపి చేసిన. ఆంప్ సీటు వెనక వేరేగ ఉంది కాబట్టి దాన్ని ముట్టలే. స్పీకర్ వైరు పొట్టిగయితే మీటరున్నర కొత్త ముక్క తెచ్చిన.

పాత తీరుల 80 టోన్‌కు 88 డెసిబెల్స్ చూపెట్టింది. తిప్పినంక 95. ఫేజ్ 180 చేస్తే 97. 40 టోన్ దాదాపు ఎక్కడిదక్కడనే ఉంది. నువ్వు చెప్పినట్టే జరిగింది. తర్వాత మా ఊరి బోనాల నాడు ఫోన్ల రికార్డు చేసింది పెట్టిన. వాల్యూమ్ సగం కూడ పెట్టలే, కట్టె పడ్డది పడ్డట్టు వచ్చింది. వెనక కూసున్న అమ్మ "మనూరోళ్లదేనా" అని అడిగింది. అయితే నడుములకు కొడ్తుందన్నది, అందుకే ఆంప్ గెయిన్ (సప్పుడు పెంచే తిప్పుడు) కొద్దిగ దించిన. ఆమెకు బాగుంటేనే నాకు బాగుంటది.

రెండు మాటలు అడుగుత. పెద్ద సప్పుడుకు నంబర్ ప్లేటు గలగలమంటుంది. ఇంక బాక్సును అడుగుకు స్క్రూలతోటి బిగిస్తే సరిపోతదా?

చెక్కపెట్టె:

97 చూసి నాకూ సంతోషం వేసింది తమ్ముడూ. నంబర్ ప్లేటు విప్పి వెనకాల ఫోమ్ టేపు నాలుగు మూలలా అంటించు. డిక్కీ మూత లోపలి రేకుకి, అది అదరకుండా అంటించే బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు వేస్తే ఇంకా మంచిది. మొత్తం డిక్కీకి అక్కర్లేదు, వేళ్లతో కొడితే డబ్బాలా మోగే చోట చాలు.

స్క్రూల విషయంలో ఆగు. పెట్టె ఇప్పుడు స్టెప్నీ మూత మీద కూర్చుంది. దాన్ని బిగించేస్తే, రాత్రిపూట బీబీనగర్ దగ్గర పంక్చరైతే అమ్మని రోడ్డు మీద నిలబెట్టి స్క్రూడ్రైవర్ వెతుక్కోవాలి. అలాగని ఊరికే వదిలేయకు, గట్టి బ్రేకు పడితే అంత బరువు సీటు మీదకే వస్తుంది. బక్కిల్ ఉన్న రాచెట్ బెల్టులు రెండు తీసుకుని, రెండు పక్కలా బాడీకి గట్టి హుక్కులు వేయించి బిగించు. హుక్కుకి రంధ్రం వేసేముందు బండి కిందకి దూరి చూడు. సీటు కింద పెట్రోలు ట్యాంకు, దాని పైపులు, బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో చూశాకే డ్రిల్ పట్టుకో. బెల్టు విప్పి, పెట్టె జరిపి, స్టెప్నీ తీయడానికి ఎంతసేపు పడుతుందో ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకో.