మూడేళ్ల కొడుకు నాన్నను చూసి నా వెనక దాక్కున్నాడు. నేవీ ఇళ్లల్లో మీరెలా దాటుకొచ్చారు?

అనంతపురం అమ్మ
అందరికీ నమస్తే. మా ఆయన నేవీలో ఉన్నారు. విశాఖ ఓడ మీద, ఇంజన్ రూములో పని. నేనిక్కడ స్కూల్ టీచర్ని, అత్తమ్మకు ఆరోగ్యం బాగుండదు. అందుకే మేం క్వార్టర్స్‌కు పోలేదు. అయిదు నెలల తర్వాత పోయిన వారం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారు. ఆటో దిగి చేతులు చాపితే వాడు నా కొంగు పట్టుకుని వెనక్కి జరిగాడు. ఓడ రేవులో ఉన్నప్పుడు ఫోన్లో గంటసేపు కబుర్లు చెప్పే పిల్లోడే! ఆయన ఏమీ అనలేదు. బ్యాగు లోపల పెట్టి, తొట్టి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నారు. ఇంకా 12 రోజులే సెలవు ఉంది. మీ ఇళ్లల్లో ఏం చేశారో చెప్పండి.

కడప కూతురు
అక్కా, నేను మీ వాడి లాంటి బిడ్డనే. మా నాయన ముంబయి ఓడల మీద పనిచేశాడు. ఉత్తరం రాస్తే పైన ఓడ పేరు, కింద ‘ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, ముంబయి’ అని ఉండేది. ఓడ ఎక్కడుందో మాకు తెలిసేది కాదు. ఉత్తరాలు ఒక్కోసారి నాలుగు కలిసి వచ్చేవి, వరస తప్పి. అందుకని నాయన కవరు మూల నంబరు వేసేవాడు. 14 వచ్చి 13 రాకపోతే అమ్మ పోస్ట్‌మ్యాన్‌ను రోజూ అడిగేది.

నాయన వచ్చిన ప్రతిసారీ మొదటి రెండు రోజులు నేను దగ్గరికి పోయేదాన్ని కాదు. జేజి “పోవే, మీ నాయన దగ్గరికి పో” అని వీపు మీద తోసేది. అదే నాకు చేదు. దయచేసి మీరు అట్లా తోయొద్దు. నన్ను దగ్గర చేసింది ఇస్త్రీ. ఓడ మీద యూనిఫాం తామే చూసుకోవాలి కదా, నాయన నా స్కూలు గౌను మడతలు కత్తి అంచులా తీసేవాడు. ఊడిన గుండీలు కుట్టేవాడు. నేను పక్కన కూర్చుని నీళ్లు చిలకరించేదాన్ని. మాటలు అక్కడే మొదలయ్యేవి. పిల్లోడి పని ఏదో ఒకటి, స్నానమో, బువ్వో, పూర్తిగా ఆయనకే వదిలేయండి.

2004 సునామీ నాటికి నేను కాలేజీలో ఉన్నా. డిసెంబరు 26న టీవీలో సముద్రాన్ని చూస్తూ ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. మన నౌకాదళం శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేషియాకు ఓడలు పంపిందని వార్తల్లో విన్నాం. నాయన ఓడ వాటిలో ఉందో లేదో తెలియదు. ఆరో రోజు ఫోన్ వచ్చింది. “బాగున్నా, బియ్యం మూటలు దింపుతున్నాం” అన్నాడు. అంతే, లైను కట్టయింది. ఆ ఒక్క మాటకు జేజి దేవుని దగ్గర దీపం పెట్టింది.

మాజీ నావికుడు, కర్నూలు
తల్లీ, ఆయన వైపు సంగతి నేను చెప్తాను. 15 ఏళ్లు ఇంజన్ రూములోనే గడిపాను. నాలుగు గంటల వాచ్, అంటే డ్యూటీ, కాస్త విశ్రాంతి, మళ్లీ వాచ్. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా పడే వాచ్ అన్నిటికన్నా కష్టం. కర్నూలు ఎండల్లో పెరిగినవాణ్ణే, అయినా ఆ కింది వేడికి మొదటి నెల తట్టుకోలేకపోయాను. పడుకునేది ఒకదాని మీద ఒకటి మూడు బంకులు. మధ్య బంకులో లేచి కూర్చోడానికి ఎత్తు ఉండదు.

నా కూతురు పుట్టిన కబురు వైర్‌లెస్‌లో వచ్చింది. నేను వాచ్‌లో ఉన్నా. ఇంజన్ల హోరులో మాట వినపడదు కాబట్టి తోటివాడు అరచేతిలో ‘బేటీ’ అని రాసి నా కళ్ల ముందు పెట్టాడు. బిడ్డ ముఖం చూడటానికి ఏడు నెలలు పట్టింది. ఎత్తుకుంటే ఏడ్చింది. ఆ రోజు నేనూ ముఖం కడుక్కున్నానమ్మా.

ఇంకోటి. ఇంటికొచ్చాక నాకు వారం రోజులు నిద్ర పట్టేది కాదు. ఇంజన్ చప్పుడు ఆగిందంటే ఏదో జరిగిందని ఓడ మీద అందరం లేస్తాం. ఇంటి నిశ్శబ్దం కూడా అట్లాగే లేపేది. ఆయన రాత్రి లేచి తిరుగుతుంటే మనసు ఇక్కడ లేదనుకోవద్దు.

వీలైతే పిల్లోణ్ణి విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర మ్యూజియానికి తీసుకెళ్లండి. అది జలాంతర్గామి, ఓడ కాదు. అయినా లోపలి ఇరుకు, బంకులు చూస్తే నాన్న ఎలాంటి చోట పడుకుంటాడో వాడికి అర్థమవుతుంది.

ప్రొద్దుటూరు తమ్ముడు
నాది వేరే అనుభవం. మా నాన్న సెలవుకొస్తే ముందు మార్కుల కార్డు అడిగేవాడు. ఏడాదిలో నెల రోజులు కనిపించి అన్నీ సరిదిద్దాలనుకునేవాడు. ఆ కోపం నాలో చాలా ఏళ్లు ఉండింది. మీ ఆయన అట్లా కాదనిపిస్తోంది, అయినా చెప్పాలనిపించింది.

ఆదోని గృహిణి
అక్కా, ఫోన్ మీద ఆశ పెట్టుకోవద్దు. 2019లో గూఢచర్యం కేసు బయటపడ్డాక ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించారు, గుర్తుందా? ఓడ పేరు, బయల్దేరే తేదీ మనం కూడా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. మా ఆయన వెళ్లేముందు కథలు చెప్పి నా ఫోన్లో రికార్డు చేసి పోతారు. పాప రోజూ రాత్రి అవి వింటుంది. ఒక కథలో మధ్యలో ఆయనకు దగ్గు వస్తుంది. పాప అదే చోట తనూ దగ్గుతుంది.

అనంతపురం అమ్మ
అందరి మాటలూ ఆయనకు చదివి వినిపించాను. కర్నూలు పెద్దాయన రాసింది మళ్లీ చదవమన్నారు.

మర్నాటి నుంచి స్నానం ఆయనకు వదిలేశాను. మొదటి రోజు ఏడుపే. రెండో రోజు ఆయన తొట్టిలో చెంబు తేలేసి, నోటితో ఇంజన్ చప్పుడు చేశారు. వాడు చెంబులో నాలుగు వేరుశనగ బుడ్డలు వేసి “వీళ్లకు బువ్వ ఎవరు పెడతారు?” అని అడిగాడు. వంటవాడు ఉంటాడని, అలలు ఎక్కువైతే గిన్నెలు జారకుండా కట్టేస్తాడని ఆయన చెప్పారు. పెళ్లయిన ఆరేళ్లలో నాకెప్పుడూ చెప్పని సంగతులు ఆ పూట తొట్టి దగ్గర విన్నాను.

నిన్న రాత్రి మంచం కింద చాప వేయించుకుని “నాది కింది బంకు, నాన్నది పైది” అన్నాడు. ఎల్లుండి ఆయన ప్రయాణం. వాడు నిద్రపోయినప్పుడు చెప్పకుండా పోవద్దన్నాను. మెలకువగా ఉన్నప్పుడే, తనే చెప్తానన్నారు.