ఉగాది సంబరాలు (డాలస్, మార్చి 21): ప్రకటనల లెక్కలు షీట్‌లోకి ఖాళీగా వస్తున్నాయి

ప్రచార కమిటీ: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు బాగానే నడుస్తున్నాయి, యాడ్స్ మేనేజర్‌లో ఖర్చు కనిపిస్తోంది. మన షీట్‌లోకి మాత్రం మార్కెటింగ్ ఏపీఐ (యాడ్స్ లెక్కల్ని ప్రోగ్రామ్‌తో తెచ్చుకునే మెటా దారి) నుంచి ఏమీ రావట్లేదు. ఎర్రర్ కూడా లేదండీ. 200 (అంతా సరే అనే కోడ్) అని వస్తుంది, డేటా దగ్గర ఖాళీ బ్రాకెట్లు.

టెక్ బృందం: ఎర్రర్ లేదంటే టోకెన్ (ఏపీఐలోకి వెళ్లే అనుమతి తాళం) బతికే ఉంది, గడువు తీరితే 190 కోడ్ వచ్చేది. 200 వచ్చి డేటా ఖాళీ అంటే మీరు అడిగిన తేదీలకు, ఫిల్టర్‌కు సరిపడే వరస లేదని. ఇన్‌సైట్స్ (ఏపీఐలో లెక్కలిచ్చే భాగం) సున్నాలు పంపదు. ఒక్క ఇంప్రెషన్ (యాడ్ ఒకసారి తెర మీద కనిపించడం) కూడా రాని యాడ్‌కు అసలు వరసే ఉండదు. డేట్ ప్రీసెట్ (ఏ రోజుల లెక్క కావాలో చెప్పే సెట్టింగ్) ఏం పెట్టారు? షీట్ ఎన్నింటికి అడుగుతోంది?

ప్రచార కమిటీ: ‘టుడే’. రోజూ మధ్యాహ్నం 2కి.

టెక్ బృందం: యాడ్ అకౌంట్ టైమ్‌జోన్ కోల్‌కతా అని ఉందేమో చూడండి. ‘టుడే’ ఆ అకౌంట్ గడియారం ప్రకారమే. ఇప్పుడు ఇక్కడ మధ్యాహ్నం 1:30 అయితే ఇండియాలో అర్ధరాత్రి. 2కి అడిగితే పుట్టి అరగంటైన రోజు లెక్క అడిగినట్టే, అంకెలు అప్పటికి చేరవు.

ప్రచార కమిటీ: కోల్‌కతాయే ఉంది. మార్చేయనా?

టెక్ బృందం: వద్దు! టైమ్‌జోన్ మారిస్తే ఆ అకౌంట్ మూతపడి కొత్తది తెరుచుకుంటుంది. డేట్ ప్రీసెట్ బదులు టైమ్ రేంజ్‌లో మొదలు, చివరి తేదీలు రాయండి, చివరిది నిన్నటి తేదీ. లెవెల్ యాడ్ (యాడ్ వారీగా), టైమ్ ఇంక్రిమెంట్ 1 (రోజు వారీగా). ఖజానా వాళ్లకు చెప్పండి, స్పెండ్ (ఖర్చు) ఆ యాడ్ అకౌంట్ కరెన్సీలోనే వస్తుంది. రూపాయలైతే డాలర్లనుకుని గుండెలు బాదుకుంటారు.

అప్పటికీ ఖాళీ అయితే గ్రాఫ్ ఏపీఐ ఎక్స్‌ప్లోరర్‌లో (ఏపీఐని చేత్తో అడిగి చూసే మెటా పేజీ) ఫిల్టర్లు, బ్రేక్‌డౌన్లు (వయసు లాంటి విభజనలు) అన్నీ తీసేసి ఇంప్రెషన్స్, స్పెండ్ మాత్రమే అడగండి, డేట్ ప్రీసెట్ ‘మాగ్జిమమ్’. వరస వచ్చాక ఒక్కోటీ తిరిగి చేర్చండి, ఎక్కడ ఖాళీ అయితే దొంగ అక్కడే. నా అనుమానం పేరు ఫిల్టర్ మీద. క్యాంపెయిన్ పేరు తెలుగు లిపిలో ఉండి, ఫిల్టర్‌లో ఉగాదిని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఏదీ దొరకదు.

ప్రచార కమిటీ: తేదీలు మార్చాక వచ్చాయి! కానీ కొన్ని యాడ్స్ దగ్గర స్క్రిప్ట్ (షీట్ నింపే ప్రోగ్రామ్) ఆగిపోతోంది.

టెక్ బృందం: ఎవరూ ఏమీ నొక్కని యాడ్‌కు ‘యాక్షన్స్’ ఫీల్డ్ రాదు. లేకపోతే 0 అని స్క్రిప్ట్‌లో రాయండి. ఏపీఐ జవాబు పేజీలుగా వస్తుంది, ఒక పేజీ ఖాళీ అని ఆగకండి, ‘నెక్స్ట్’ లింక్ ఉన్నంతవరకూ వెళ్లాలి.

వాలంటీర్ల నమోదు: మా లీడ్ ఫారమ్ (యాడ్‌లోనే పేరు, ఫోన్ నింపేది) కూడా ఖాళీయే అన్నా.

టెక్ బృందం: దీపావళి ఫారమ్ ఐడీయే ఉండిపోయిందేమో చూడు తమ్ముడూ. 90 రోజులు దాటిన లీడ్స్ (నింపిన వివరాలు) ఏపీఐలో దొరకవు.

భోజనాల కమిటీ: ఈ క్లిక్కులు చూసి విస్తళ్లు చెప్పేయొచ్చా?

టెక్ బృందం: వద్దండీ, టికెట్ల లెక్క చూసి చెప్పండి.