సమస్యాపూరణం: "నేను వాఁడ నైతి నేఁడె నిన్న"

ఇది ఆటవెలది నాలుగవ పాదం. స్పానిష్ క్రియాపదాలలో ఊనిక (మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం) ఒక అక్షరం మీదినుంచి మరొకదాని మీదికి జరిగితే పురుషా కాలమూ మారిపోయే తీరును విషయంగా తీసుకొని పూరించవలసిందిగా మిత్రులను కోరుతున్నాను.

మొదటి పూరణ

ఆ.వె.
ఆబ్లొ యన్నఁ బలుకు నాడెద ననుటయే
నొక్కు తుదకు జరుగ నోట నతఁడు
పలికె ననుచు మాఱె భావ మెల్లను జూడ
నేను వాఁడ నైతి నేఁడె నిన్న

సమీక్ష: అన్వయం చక్కగా కుదిరింది, అభినందనలు. 'ఆబ్లొ' అంటే మాట్లాడుతున్నాను. ఊనిక చివరికి జరిగి 'అబ్లో' అయితే అతడు మాట్లాడాడు. స్పానిష్ రాతలో రెండింటికీ తేడా చివరి అచ్చు మీది చిన్న గీత మాత్రమే. అచ్చుతో గాని, న్, స్ లతో గాని ముగిసే మాటకు చివరినుంచి రెండవ అక్షరం మీద ఊనిక ఉండడం అక్కడి నియమం కనుక, దాన్ని దాటిన రెండవ రూపానికే గీత అవసరమైంది. మూడవ పాదంలోని 'జూడ' మాత్రం వ్యర్థపదం, సవరించగలరు.

ఒక సభ్యురాలి సందేహం: 'ఆబ్లొ'లో మొదటిది గురువు కనుకనే ఊనిక అక్కడ పడిందనుకోవచ్చునా?

సమాధానం: అనుకోరాదండీ. మన లెక్కలో 'అబ్లో'లోని మొదటి అక్షరం కూడా, తరువాత సంయుక్తాక్షరం ఉన్నందువల్ల, గురువే. అయినా ఊనిక అక్కడ లేదు. స్పానిష్‌లో హ్రస్వదీర్ఘ భేదం అర్థాన్ని మార్చదు. ఇక్కడ మనం రాస్తున్న దీర్ఘాలు ఊనికను చూపడానికి చేసుకొన్న ఏర్పాటు మాత్రమే.

రెండవ పూరణ

ఆ.వె.
ఊత జాఱినంత నొక యక్షరము తగ్గె
రెండు నచ్చు లొక్క రీతిఁ గలిసె
సాగుచుంటి నన్న సాగె నతఁ డటంచు
నేను వాఁడ నైతి నేఁడె నిన్న

సమీక్ష: నాకు ఈ పూరణ మరింత నచ్చింది. 'కొన్-తి-నూ-ఒ' (కొనసాగిస్తున్నాను) నాలుగక్షరాలు, 'కొన్-తి-న్వో' (అతడు కొనసాగించాడు) మూడే. ఊనిక 'ఉ' మీద ఉన్నంతసేపు ఆ 'ఉ' తరువాతి అచ్చుతో కలవదు. ఊనిక 'ఒ' మీదికి పోగానే 'ఉ' బలహీనపడి ఆ 'ఒ'తో ఒకే అక్షరంలో ఒదిగిపోతుంది. అయితే అసలు మాట పద్యంలో ఎక్కడా లేకపోవడంవల్ల, విషయం ముందే తెలియనివారికి అన్వయం దుష్కరం. 'ఒక్క రీతి' కూడా స్పష్టంగా లేదు. రెండచ్చులూ ఒకే అక్షరంలో చేరాయే గాని ఒకే అచ్చు కాలేదు.

ఈ పద్యం మొదటి పాదాన్ని గణాలుగా విడదీస్తే 'నొకయక్ష', 'రముతగ్గె' అని వస్తుంది. 'అక్షరము' అనే మాటే రెండు గణాల మధ్య చీలింది. స్పానిష్ క్రియలోనూ ఇదే జరుగుతుంది. 'మాట్లాడుతుండేవాళ్ళం' అనే అర్థంలోని రూపాన్ని అక్షరాలుగా విడదీస్తే అ-బ్లా-బ-మొస్ అవుతుంది. పదభాగాలుగా విడదీస్తే అబ్ల్-ఆ-బ-మొస్ అవుతుంది. ఇందులో 'అబ్ల్' ధాతువు, 'ఆ' ధాతువర్గాన్ని తెలిపే అచ్చు, 'బ' భూతకాల చిహ్నం, 'మొస్' ఉత్తమపురుష బహువచనం. చివరి రెండు భాగాలకూ అక్షర విభజన సరిగ్గా సరిపోయింది. ధాతువు దగ్గర మాత్రం 'బ్ల్' అంతా తరువాతి అచ్చుతో వెళ్ళిపోయి, ధాతువుకు తన అక్షరంగా 'అ' ఒక్కటే మిగిలింది. క్రియారూపాలను వల్లించేటప్పుడు ఈ రెండు విభజనలనూ వేరువేరుగా రాసుకోవాలని అభ్యాసకులకు గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఊనికను అక్షరాల లెక్కతోనే గుర్తించాలి, కాలపురుషాలను పదభాగాలతోనే గుర్తించాలి.