ఫిలిప్ కోకు అసలు స్థానం ఏది?

ప్రశ్న:
నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫిలిప్ కోకు పాత మ్యాచ్‌లను ఈ మధ్య మళ్ళీ చూస్తున్నాను. 1998 ప్రపంచ కప్‌లో మెక్సికోపై గోల్ కొట్టిన ఈ మిడ్‌ఫీల్డరే, ఆర్థర్ నుమన్ నిషేధంతో దూరమైన సెమీఫైనల్‌లో బ్రెజిల్‌పై లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమ వైపు రక్షణ ఆటగాడిగా) ఆడాడు. ఇన్ని చోట్ల సర్దుకుపోవడం వల్లనే ఆయనకు రావలసినంత పేరు రాలేదా? ఆ అనుభవం కోచ్‌గా ఉపయోగపడిందా?

మొదటి సమాధానం:
ఆయన అసలు స్థానం మిడ్‌ఫీల్డే. బంతిని గెలుచుకొని సహచరుడికి అందించి, ఎవరూ గమనించని క్షణంలో పెనాల్టీ ప్రాంతంలోకి చేరడంలో ఆయన దిట్ట. 2005 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో, అప్పటికే 34 ఏళ్ళ కోకు ఏసీ మిలాన్‌పై రెండు గోల్స్ కొట్టాడు. ఆయన డచ్ క్లబ్ పీఎస్‌వీ 3-1తో గెలిచినా, మొదటి మ్యాచ్‌లో 0-2తో ఓడినందున మొత్తం స్కోరు 3-3 అయింది; అలా సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకెళ్ళేది కాబట్టి, చివరి నిమిషాల్లో మిలాన్ ఆటగాడు ఆంబ్రోసినీ కొట్టిన ఒక్క గోల్ ఫైనల్ అవకాశాన్ని లాగేసుకుంది. ఆ రాత్రిని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పేరు రాలేదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. బార్సిలోనాలో ఆరు సీజన్లు ఆడి, దేశం తరఫున 101 మ్యాచ్‌లు పూర్తిచేసిన ఆటగాడిని కోచ్‌లు ఖాళీ పూరించడానికే వాడుకున్నారనడం న్యాయం కాదు.

రెండో సమాధానం:
కోచింగ్ గురించి చెబుతాను. 2012 మార్చిలో పీఎస్‌వీ కోచ్ ఫ్రెడ్ రుటెన్‌ను తొలగించాక కోకు తాత్కాలికంగా పగ్గాలు చేపట్టి, ఆ సీజన్‌లోనే పీఎస్‌వీకి డచ్ కప్ అందించాడు. 2013లో పూర్తికాలపు కోచ్ అయ్యాడు. 2014 వసంతంలో వీపులోని కణితికి శస్త్రచికిత్స జరగడంతో సీజన్ మధ్యలోనే పక్కకు తప్పుకున్న మనిషి, తిరిగి వచ్చి 2015, 2016, 2018లలో లీగ్ గెలిపించాడు. వీటిలో 2015 టైటిల్‌కు నా దృష్టిలో విలువ ఎక్కువ, ఎందుకంటే అంతకుముందు నాలుగేళ్ళూ మరో డచ్ క్లబ్ అజాక్స్‌దే ఆధిపత్యం.

మూడో సమాధానం:
పీఎస్‌వీ బయట ఆ పట్టు నిలవలేదని కూడా చెప్పాలి. టర్కీ క్లబ్ ఫెనర్‌బాచె 2018లో కొన్ని నెలలకే ఆయనను తప్పించింది, ఇంగ్లండ్ క్లబ్ డెర్బీ కౌంటీలో ప్రయాణం 2020 నవంబరులో ముగిసింది. పీఎస్‌వీలో ఆయనకు క్లబ్బు, కుర్రాళ్ళు, ఆట పద్ధతి అన్నీ తెలుసు. ఆటగాడిగా ఉన్నప్పుడు, 2007లో లీగ్ చివరి రోజున వితెస్సెపై 5-1 విజయంలో ఐదో గోల్ ఆయనదే. పాయింట్లు సమం కావడంతో, గోల్స్ లెక్కలో అజాక్స్‌కంటే ఒకే ఒక్క గోల్ తేడాతో పీఎస్‌వీ విజేతగా నిలిచింది.